పూతరేకుల కుండ నా చేతిలో మూడుసార్లు పగిలింది (స్టూడియో సిరామిక్స్ – గోదారి మట్టి)

మట్టిచేతులు | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోయేదాన్నే గానీ రాయడం ఇదే మొదలు. రావులపాలెం దగ్గర, కాలవ గట్టున మా తాతగారి కొబ్బరికాయల షెడ్డులో తొమ్మిదేళ్ళుగా సిరామిక్ స్టూడియో నడుపుతున్నాను. పాండిచ్చేరి వైపు రెండేళ్ళు నేర్చుకుని వచ్చాను. టీ కప్పులు, పళ్ళేలు, పెరుగు గిన్నెలు చేస్తాను. ఏడాదికోసారి ఎగ్జిబిషన్‌కని పెద్ద జాడీలు నాలుగైదు.

నా బాధ ఇదీ. ఆత్రేయపురంలో మాకు పిన్ని వరసయ్యే ఆవిడ ముప్ఫై ఏళ్ళ నుంచీ రేకులు తీస్తోంది. పోయిన సంక్రాంతికి వెళ్తే, "ఇంత చదివావు, పగలని కుండ ఒకటి చేసిపెట్టమ్మా. సీజన్లో కుండ పోయిందంటే ఆ పూట పని పోయినట్టే" అంది. ఇదెంత పని అనుకున్నాను. స్టోన్‌వేర్ మట్టితో (ఎక్కువ వేడిలో రాయిలా గట్టిపడే రకం) సారె మీద తీసి, అడుగు నున్నగా రుద్ది, 1,240 డిగ్రీల్లో కాల్చాను. వేలితో కొడితే గుడిగంటలా మోగింది.

మొదటిది పొయ్యి మీద బోర్లించి కొబ్బరి కమ్మలు అంటించిన పది నిమిషాలకి టప్‌మంది. పల్చగా ఉందేమోనని రెండోది మందంగా చేశాను, అది ఇంకా ముందే పోయింది. మూడోదాన్ని అరగంట సేపు సెగ తగలనిచ్చి మెల్లగా వేడెక్కించాం. నిలబడింది. పిన్ని గుడ్డని పిండిలో ముంచి, రెండు చేతులా పట్టుకుని కుండ మీంచి ఒక్కసారి లాగింది. రేకు అయితే వచ్చింది. రేకుతోపాటు పైనుంచి కిందిదాకా వెంట్రుకంత గీతా వచ్చింది. ఆవిడ ఏమీ అనకుండా ముక్కలు పక్కకి నెట్టి, తన పాత మట్టికుండే మళ్ళీ బోర్లించుకుని పనిలో పడింది. నాలుగు రేకులయ్యాక అప్పుడంది: "నీ కుండకి రోషం ఎక్కువమ్మా."

నా కుండ దానికి నాలుగింతలు గట్టిది. మరి అది నిలిచి, ఇదెందుకు పగులుతోంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

హైదరాబాద్_గోదారోడు | ఆదివారం, రాత్రి 9:58

ఆయ్, కుండ సంగతి తరవాత. ఆ వచ్చిన ఒక్క రేకూ ఏం చేశారో చెప్పండి ముందు.

మట్టిచేతులు | ఆదివారం, రాత్రి 10:03

బెల్లం నెయ్యి వేసి నా చేతిలోనే పెట్టిందండి. ఏడుస్తూ తిన్నాను.

రిటైర్డ్_కెమిస్ట్రీ_మాస్టారు | సోమవారం, ఉదయం 6:15

అమ్మాయ్, నీ ప్రశ్నలోనే జవాబుంది. గట్టిది కాబట్టే పగిలింది.

1,240 దాకా కాల్చినప్పుడు మట్టిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కరిగి గాజై, రంధ్రాలన్నిటినీ పూడ్చేస్తుంది. మోత అందుకే. నీళ్ళు పీల్చకపోవడమూ అందుకే. కానీ గాజు గ్లాసులో మరిగే నీళ్ళు పోస్తే ఏమవుతుందో నీకు తెలుసు. ఒక చోట వేడెక్కి సాగుతుంది, పక్కన చల్లగా ఉన్నది సాగదు, మధ్యలో బీట మొదలవుతుంది. బీట అంటూ మొదలైతే గట్టి వస్తువులో దాన్ని ఆపేదేమీ ఉండదు. కుమ్మరి కుండ 800 అటూ ఇటూ మాత్రమే కాలుతుంది. లోపలంతా సన్నటి రంధ్రాలు, ఇసక రేణువులు. బీట బయల్దేరి నాలుగడుగులేసి ఒక రంధ్రంలో పడి ఆగిపోతుంది. మీ పిన్ని కుండలో ఇప్పటికే అలాంటివి వేలల్లో ఉంటాయి, కంటికి కనపడవు. వాటివల్లే అది బతుకుతోంది. మందం పెంచితే ఎందుకు ముందే పోయిందంటావా? లోపలి వైపుకీ పై వైపుకీ వేడి తేడా పెరిగింది, అంతే.

ఇంకో సంగతి. ఎక్కువ వేడిలో కాలిన స్టోన్‌వేర్‌లో విడిగా మిగిలిన సిలికా (ఇసకలో ఉండేదే) కొంత క్రిస్టోబలైట్ అనే రూపంలోకి మారుతుంది. అది 220 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నట్టుండి ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే ముడుచుకుంటుంది. సిలికా మామూలు రూపమైన క్వార్ట్జ్‌కీ ఇలాంటి గండం ఉంది గానీ అది 573 దగ్గర, పొయ్యి మీది కుండ అంతదూరం వెళ్ళదు. పూతరేకుల కుండ పైభాగం ఎంత వేడి మీద ఉంటుందో నేను కొలవలేదు గానీ, తడిగుడ్డ తగలగానే పిండి రేకై లేచిపోతోందంటే ఈ 220కి మరీ దూరం ఉండదు. అంటే గుడ్డ లాగిన ప్రతిసారీ నువ్వు ఆ గీత మీద అటూ ఇటూ దాటిస్తున్నావన్నమాట. తక్కువ వేడిలో కాలిన మట్టిలో క్రిస్టోబలైట్ పుట్టనే పుట్టదు.

మట్టిచేతులు | సోమవారం, ఉదయం 7:02

మాస్టారూ, దణ్ణమండి. 573 సంగతి తెలుసు, బట్టీ చల్లార్చేటప్పుడు అక్కడ జాగ్రత్త పడతాం. 220 సంగతి పుస్తకంలో చదివి వదిలేశాను.

సారె_ఇంటివాడు | సోమవారం, మధ్యాహ్నం 1:20

మేడం గారూ, ఎటకారం అనుకోకండి, ఒకటి అడుగుతాను.

మా నాన్నకి అరవై ఎనిమిదేళ్ళు. మీరు చెప్పిన ఆ పాత మట్టికుండ లాంటివి ఆయన కొన్ని వేలు చేసుంటాడు. పూతరేకులకి గవర్నమెంటోళ్ళు 2023లో జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకే అనే ముద్ర) ఇచ్చారు, పేపర్లో ఫొటోలొచ్చాయి. రేకులు తీసేవాళ్ళ ఫొటో, అమ్మేవాళ్ళ ఫొటో. కుండ చేసినోడి ఫొటో ఏదండి? మీరు సారె తిప్పితే సిరామిక్ ఆర్టిస్టు. మా నాన్న తిప్పితే కుమ్మరి. మీ కప్పు ఎంతకి అమ్ముతారో తెలీదు గానీ మా కుండ తొంభై రూపాయలంటే ఎనభైకిస్తావా అంటారు. పెళ్ళికి అరివేణి కుండలు తెచ్చుకునేటప్పుడు మాత్రం మేళంతో మా గుమ్మం ముందుకొస్తారు, బొట్టు పెడతారు. తెల్లారితే ఎవరూ గుర్తుండరు.

పగలని కుండ కోసం పాండిచ్చేరి చదువు చదివి, మూడు పగలగొట్టి, ఇంటర్నెట్‌లో అడుగుతున్నారు. ఆత్రేయపురం కుండలు ఎవరు చేస్తున్నారో వెళ్ళి అడగాలని తట్టలేదా?

నరసాపురం_లేసు | సోమవారం, మధ్యాహ్నం 2:05

ఇది మాకూ ఉందండి. మా అమ్మ అల్లిన లేసు టేబుల్ క్లాత్ ఎక్కడో విదేశాల్లో ఎంతకి అమ్ముడవుతుందో మా అమ్మకి ఎప్పుడూ తెలీదు. దారం ఉండ లెక్కన కూలి ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు నేను అదే అల్లి ఇన్‌స్టాలో పెడితే "డిజైనర్" అంటున్నారు. సూదీ అదే, కుట్టూ అదే.

వేదిక నిర్వాహకుడు | సోమవారం, సాయంత్రం 4:30

ఈ మధ్యలో కులం పేరెత్తి రాసిన రెండు వ్యాఖ్యలు తీసేశాం. సారె_ఇంటివాడు గారి ప్రశ్న అలాగే ఉంటుంది, అది అడగాల్సిన ప్రశ్నే.

మట్టిచేతులు | సోమవారం, రాత్రి 11:15

సారె ఇంటి అన్నయ్య గారూ, తట్టలేదండి. నిజం అదే. పొద్దున్నించీ ఏం రాయాలో తెలీక పది కప్పులకి చెవులు అతికించాను, నాలుగు వంకరొచ్చాయి.

నా లెక్కలు దాచకుండా చెప్తాను. కప్పు 650. మట్టి లారీలో రాష్ట్రం దాటి వస్తుంది, కిలో మట్టికన్నా కిలో కిరాయి ఎక్కువ. ఒక బట్టీలో 45 కప్పులు పెడితే అమ్మకానికి పనికొచ్చేవి 38 అనుకోండి. మొదట 1,000 దాకా ఒక కాల్పు, గ్లేజు (కాలితే గాజులా మెరిసే పూత) పూసి 1,240 దాకా ఇంకోటి. త్రీఫేజ్ కరెంటు బిల్లు వచ్చిన రోజు మా ఆయన నాతో మాట్లాడడు. వానాకాలంలో కప్పు ఆరడానికి వారం, ఒక్కోసారి పది రోజులు. ఆరిందనుకుని తొందరపడి బట్టీలో పెడితే లోపలి చెమ్మ ఆవిరై పేలుతుంది, పక్కనున్నవాటినీ తీసుకుపోతుంది. 'కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు' అంటారే, ఏడాది కష్టాన్ని ఒక్క దెబ్బతో పోగొట్టే ఆ దుడ్డుకర్ర నాకు బట్టీలోనే ఉంది. ఇవన్నీ పోగా నెలకి నాకు మిగిలేది ఒక ప్రైవేటు స్కూల్ టీచరు జీతమంత. ఆ మాత్రం మిగలడానికి కూడా కారణం నా పనితనం ఒక్కటే కాదు. కొనేవాళ్ళ భాష నాకొచ్చు, ఫొటో తీయడం వచ్చు, "చేత్తో చేసింది" అని ఎక్కడ నొక్కాలో తెలుసు. మీ నాన్నగారికి నాకన్నా మట్టి ఎక్కువ తెలుసు, కప్పు వెనకాల కథ అమ్మడం తెలీదు. తేడా మొత్తం అంతే కాదని కూడా నాకు తెలుసు. మా ఇంట్లో నేను సారె కొనుక్కున్నప్పుడు మా నాయనమ్మ అన్న మాట ఇక్కడ రాయలేను.

ఇంకోటి కూడా చెప్పాలి. గోదారి మట్టితో చెయ్యాలని నేనూ ప్రయత్నించాను. ఏటి ఒండ్రు తెచ్చి గిన్నె చేసి, నా అలవాటు కొద్దీ 1,240కి కాల్చాను. తెల్లారి బట్టీ తెరిస్తే గిన్నె లేదు. పలక మీద నల్లటి, నిగనిగలాడే మడుగు. బెల్లం పాకం ఒలికినట్టు. పలక కూడా పోయింది.

రెండోసారి బుద్ధి తెచ్చుకుని 1,000 లోపే కాల్చాను. ఈసారి మట్టి సముద్రం వైపు నుంచి తెచ్చింది. ఒక రిసార్టుకి 60 పళ్ళేలు. ఎంత బాగా వచ్చాయో. పది రోజులకి ఫోను: "మీ పళ్ళేలకి అమ్మవారు పోసిందండి." వెళ్ళి చూస్తే ప్రతి పళ్ళెం మీదా చిన్న చిన్న పెచ్చులు లేచి, ఒక్కో గుంట మధ్యలో తెల్ల చుక్క. అడ్వాన్సు వెనక్కిచ్చేశాను. ఆ తరవాత గోదారి మట్టి జోలికి పోలేదు.

రిటైర్డ్_కెమిస్ట్రీ_మాస్టారు | మంగళవారం, ఉదయం 6:10

ఆ తెల్ల చుక్క సున్నం. డెల్టా మట్టిలో, అందులోనూ సముద్రం వైపు, నత్తగుల్లల ముక్కలుంటాయి. మన తాతలు గుల్లలు కాల్చే కదా ఇంటికి సున్నం వేసింది! నీ బట్టీలోనూ అదే జరిగింది. 850, 900 దాటాక గుల్ల కాలి సున్నం అయింది, తరవాత గాలిలో తేమ పీల్చి ఉబ్బి పైపెచ్చుని తోసేసింది. మట్టిని నీళ్ళలో కలిపి సన్నటి జల్లెడలో వడకడితే చాలావరకు పోతుంది.

ఆ నల్ల మడుగు మాత్రం నష్టం కాదు. గోదారి దక్కన్ నల్లరాతి నేలల మీంచి దిగి వస్తుంది, ఒండ్రులో ఇనుము ఎక్కువ. అందుకే తొందరగా కరిగింది. కరిగి నిగనిగలాడేదాన్ని ఏమంటారు? గ్లేజు అనే కదా. నీ స్టోన్‌వేర్ కప్పు మీద దాన్నే పల్చగా పూసి చూడు. కొంచెం కట్టెబూడిద కలుపు.

సారె అబ్బాయి మాట మీద ఒకటి. జపాన్‌లో షోజి హమాడా అని ఒకాయన. 1920లో బెర్నార్డ్ లీచ్ అనే ఇంగ్లీషు కుండల కళాకారుడితో కలిసి ఇంగ్లండ్ వెళ్ళి, సెయింట్ ఐవ్స్‌లో బట్టీ కట్టి, పేరు తెచ్చుకున్నాడు. వెనక్కొచ్చి ఎక్కడ కాపురం పెట్టాడో తెలుసా? మషికో అనే ఊళ్ళో. అది వంటింటి కుండలూ నీళ్ళ జాడీలూ చేసే మామూలు కుమ్మర్ల ఊరు. అక్కడి మట్టే, అక్కడి రాయి నూరిన గ్లేజే వాడాడు. కుండల మీద తన సంతకం పెట్టడం కూడా మానేశాడు. 1955లో ప్రభుత్వం ఆయన్ని జాతి సంపదగా గుర్తించింది. మనవైపు చూస్తే ఢిల్లీలో గురుచరణ్ సింగ్ 1952లో ఢిల్లీ బ్లూ పాటరీ అనే స్టూడియో మొదలుపెట్టాడు, పాండిచ్చేరిలో 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ వచ్చింది. నీలాంటి వాళ్ళు చాలామంది ఆ రెండో చెట్టు కొమ్మలే. తప్పేం లేదు. కానీ హమాడా మషికో వెళ్ళినట్టు, నువ్వు నీ పక్కూరు వెళ్ళలేదు.

సారె_ఇంటివాడు | మంగళవారం, ఉదయం 9:45

మాస్టారూ, ఆ హమాడా గారికి ప్రభుత్వం గుర్తింపు వచ్చింది సరే. ఆయన ఊళ్ళో మిగతా కుమ్మర్లకి ఏమొచ్చింది?

రిటైర్డ్_కెమిస్ట్రీ_మాస్టారు | మంగళవారం, ఉదయం 10:00

మంచి దెబ్బ కొట్టావు నాయనా. ఆయన పేరు మీద కొనేవాళ్ళు ఆ ఊరికి రావడం మొదలెట్టారు, వాళ్ళ గిరాకీ నిలబడింది. పేర్లు మాత్రం మనకి తెలీవు, నిజమే.

కొత్త_ఆవకాయ | మంగళవారం, మధ్యాహ్నం 12:30

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. స్టూడియో జాడీలో ఆవకాయ పెట్టొచ్చా అక్కా? మా అత్తగారు పాత పింగాణీ జాడీ తప్ప ముట్టుకోనివ్వరు. పిడుగురాళ్ళలా ఉంటాయి, ఎత్తలేను.

మట్టిచేతులు | మంగళవారం, మధ్యాహ్నం 1:10

మీ అత్తగారి జాడీ కూడా స్టోన్‌వేరేనమ్మా. ఉప్పూ నూనే పీల్చకూడదు కాబట్టి ఇక్కడ మాత్రం గట్టిగా కాలిన గాజులాంటి మట్టే కావాలి. పూతరేకుల కుండకి శాపమైంది ఆవకాయకి వరం. ఎవరి దగ్గర కొన్నా రెండు చూసుకోండి. లోపల గ్లేజు మీద సాలెగూడు లాంటి సన్న గీతలు ఉండకూడదు. ఒక నిమ్మచెక్క లోపల బోర్లించి రాత్రంతా వదిలి, పొద్దున కడిగి చూడండి, అక్కడ రంగు మారినా మెరుపు పోయినా అందులో పులుపు పెట్టొద్దు. ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రాన సీసం లేదని కాదు, అది లాబ్‌లోనే తేలుతుంది. అందుకే గ్లేజులో ఏం కలిపారని చేసినవాళ్ళని మొహమాటం లేకుండా అడగండి. చెప్పకపోతే కొనకండి.

కడియం_మొక్కలు | మంగళవారం, సాయంత్రం 6:20

మాకు నర్సరీలో బోన్సాయ్‌కి పల్లం తొట్లు కావాలి, అడుగున రెండు కన్నాలతో. ప్లాస్టిక్కూ సిమెంటూ వచ్చి మట్టి తొట్లు చేసేవాళ్ళు కనపడడం లేదు. సారె అన్నయ్యా, మీ నాన్నగారు చేస్తారా? రేటు ఫోన్లో మాట్లాడదాం, ఇక్కడ వద్దు, ఇక్కడ రాస్తే మా పక్క నర్సరీవాడు చూస్తాడు.

సారె_ఇంటివాడు | బుధవారం, రాత్రి 8:50

ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు నవ్వాడు. "రోషం ఎక్కువ" దగ్గర ఒకసారి, బెల్లం పాకం దగ్గర ఒకసారి. తరవాత ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

మట్టి ఒక్కచోటిది సరిపోదు. చెరువు మట్టికి జిగురెక్కువ, అది ఒక్కటే అయితే ఆరేటప్పుడే నెర్రెలిస్తుంది. ఏటి మట్టి కలపాలి. ఆపైన సన్న ఇసక, ఊక బూడిద. ఎంత అంటే చెప్పలేడు, పిడికిట్లో పిసికి వదిలితే వేళ్ళ గుర్తులు ఉండాలట, చేతికి అంటకూడదట. సారె మీద తీసేది మెడా, పైభాగమే. అడుగు సారె మీద రాదు. కొంచెం ఆరాక లోపల గుండ్రాయి పెట్టి, బయట చెక్కబల్లతో కొడుతూ గుండ్రంగా సాగదీస్తాడు. మీరు సారె మీద అడుగు బల్లపరుపుగా ఉంచి తరవాత చెక్కారు కదా, అక్కడ మూల మిగిలిపోయి ఉంటుందంటున్నాడు. మూల ఉంటే నిప్పు అక్కడే పట్టుకుంటుందట. రేకుల కుండకి కొట్టడం అయ్యాక ఇంకో పని ఉంది. నున్నటి ఏటి గులకరాయితో అడుగంతా రుద్దాలి, అద్దంలా. లేకపోతే రేకు ఊడదు.

చెరువు మట్టి సంగతి అడిగితే మాత్రం నాన్న లేచి లోపలికెళ్ళిపోయాడు. మా తాత తవ్వుకున్న చెరువు ఇప్పుడు చేపల చెరువు. ఉప్పు నీళ్ళు పెట్టిన చోట మట్టి తెస్తే కాలిన కుండ మీద తెల్లగా ఉప్పు పూస్తోంది. మంచి మట్టికి ఇప్పుడు ట్రాక్టరు పెట్టి పదిహేను కిలోమీటర్లు పోతున్నాం.

చివరికి వచ్చి అన్నాడు: "ఆ అమ్మాయిని రమ్మను. వచ్చేసారి కుండలు కాల్చే ఆవలో ఇంకా చోటుంది. కొబ్బరి డొక్కలు ఒక బస్తా తెచ్చుకోమను."

మట్టిచేతులు | బుధవారం, రాత్రి 8:55

రెండు బస్తాలు తెస్తానండి. మా షెడ్డులో ఉన్నవే అవి.

హైదరాబాద్_గోదారోడు | గురువారం, ఉదయం 11:00

నేను శని, ఆదివారాల్లో ఇంటికొస్తున్నాను. వెళ్తే నన్ను కూడా తీసుకెళ్ళండి, డొక్కలు మోస్తాను. పూతరేకుల మీద ఆశతో కాదు, కళ మీద గౌరవంతో.

సారె_ఇంటివాడు | గురువారం, ఉదయం 11:20

ఆయ్, నమ్మేశాం.

మట్టిచేతులు | ఐదు వారాల తరవాత, ఆదివారం, రాత్రి 10:30

ఆలస్యమైంది, క్షమించండి. ఆయన్ని పెదనాన్న అంటున్నాను ఇప్పుడు.

మొదటి రోజు నాకు బల్ల ఇవ్వలేదు. మట్టి తొక్కమన్నారు. తొక్కుతుంటే కాలికి తగిలిన గులకరాళ్ళు, వేరు ముక్కలు ఏరుతూ ఉండాలి. నా దగ్గర ఆ పని జల్లెడ చేస్తుంది. గంటన్నర తొక్కాక వచ్చి చూసి, మడమతో ఒకసారి నొక్కి, "ఇంకా మూలుగుతోంది" అన్నారు. లోపల గాలి ఉంటే మడమ కింద చిన్న చప్పుడొస్తుందండి. నాకు అప్పుడు వినపడలేదు. నాలుగో రోజుకి వినపడింది.

ఐదు కుండలు కొట్టాను. రెండు ఆరేటప్పుడే చీలాయి, ఒకచోట నేను ఎక్కువ పలచన చేశాను. మూడు ఆవలో పెట్టాం. వేడి కొలిచే మీటరూ కోనూ ఏమీ లేవు. పెదనాన్న సందుల్లోంచి లోపలి ఎరుపు చూసి కమ్మలు వేయడం ఆపించారు. నేను నా ఫోన్లో టైం రాసుకుంటుంటే, "అది రాసుకో, కానీ ఇటు చూడు" అన్నారు. మూడూ మంచిగా వచ్చాయి.

నిన్న ఆత్రేయపురం పట్టుకెళ్ళాం, పెదనాన్న కూడా వచ్చారు. ఇన్నేళ్ళూ ఆయన కుండలు సంతలో అమ్మడమే గానీ, వాటి మీద రేకు తీస్తుంటే పక్కన కూర్చుని చూడ్డం ఇదే మొదటిసారట. పిన్ని నా కుండ బోర్లించి మంట పెట్టింది. అరగంట ఎవరం మాట్లాడలేదు. గుడ్డ లాగింది. పగల్లేదు. ఇంకోటి, ఇంకోటి. పద్నాలుగు రేకులదాకా లెక్కపెట్టి మానేశాను.

పిన్ని మాత్రం ఒక రేకు ఎత్తి వెలుగులో పట్టుకుని, "ఊడుతోంది గానీ ఈ పక్క అంచు చిరుగుతోంది చూడు" అంది. పెదనాన్న వంగి కుండ మీద అరచెయ్యి తిప్పబోయి, వేడికి చెయ్యి వెనక్కి లాక్కుని, చూపుడువేలితో గాల్లోనే ఒక చోటు చూపించారు. "ఇక్కడ రాయి సరిగ్గా పడలేదు."

ఆ చోటు నాకు గుర్తుంది. అక్కడ రాయి రుద్దుతున్నప్పుడే నా ఫోను మోగింది.

మాస్టారూ, ఒండ్రు గ్లేజు కూడా పూశాను. కట్టెబూడిద నాలుగో వంతు. నల్లగా వచ్చి అంచుల దగ్గర తేనెరంగు తిరిగింది. ఫొటో రేపు పెడతాను, ఇప్పుడు చేతులు కాలి ఉన్నాయి.

సారె_ఇంటివాడు | ఆదివారం, రాత్రి 10:52

చెల్లెమ్మా, మీరు వెళ్ళాక నాన్న తన గులకరాయి వెతుకుతున్నాడు. మీ సంచిలో వచ్చిందేమో చూడండి. ఆయన తండ్రిది అది.

మట్టిచేతులు | ఆదివారం, రాత్రి 10:55

అయ్యో, ఉందన్నయ్యా. పొద్దున్న మొదటి బస్సుకి తెస్తాను.